శాలువా కప్పించుకున్న తమ్ముడు మళ్ళీ తాగాడు, చర్చికి రానంటున్నాడు

వడ్డేపల్లి_అక్క
మా తమ్ముడి విషయం. ముప్పై ఆరేళ్ళు, మోటారు వైండింగ్ పని, పెళ్ళి కాలేదు. అమ్మా నేనూ వాడూ ఒకే ఇంట్లో ఉంటాం. పన్నెండేళ్ళ తాగుడు. మొదట ఆదివారం ఆదివారం కల్లు, తర్వాత రోజూ సాయంత్రం క్వార్టరు, చివరికి పళ్ళు తోముకోకముందే బెల్టు షాపు. పోయిన ఏడాది చిట్టీ ఎత్తి అరవై వేలు కట్టి డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పించాను. నెల రోజులున్నాడు. ఇంటికొచ్చాక తొంభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు.

ఆ తొంభై రోజులు మా ఇల్లు ఎట్లుండేదో మీకు ఒక్క ముక్క చెప్తాను. ఒకరోజు టిఫిన్ ఇద్దామని షాపుకు పోతే బోరు మోటారు ముందేసుకుని కూర్చున్నాడు. సన్నటి తీగను స్లాట్లలోకి దూర్చి లాగుతూ నోట్లోనే చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. తాగే రోజుల్లో ఆ వేళ్ళు వణికి తీగ మీది పూత గీరుకుపోయేది, బోర్లో దింపిన రెండు రోజులకే మోటారు కాలిపోయి రైతు మళ్ళీ ట్రాలీలో వేసుకొచ్చి బజార్లో బూతులు తిట్టేవాడు. ఆ రోజు మాత్రం వేళ్ళు వణకలేదు. నేను టిఫిన్ అక్కడ పెట్టి చప్పుడు చేయకుండా వచ్చేశాను. దారంతా ఏడ్చాను, సంతోషంతోనే.

అరవయ్యో రోజున మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, అంటే దేవుడు ఎట్లా మార్చాడో అందరి ముందు చెప్పడం. వాడు వద్దన్నాడు. నేనే పట్టుబట్టాను, దేవుడి మహిమ కోసం చెప్పరా అని. మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పాడు. చప్పట్లు, శాలువా, ఫొటో వాట్సాప్ గ్రూపులో. తొంభై రెండో రోజు జనగామలో మా బాబాయి కొడుకు పెళ్ళి దావత్. రాత్రి రెండింటికి ఎవరో బండి మీద తెచ్చి గేటు ముందు దించిపోయారు. మూడు వారాలైంది, రోజూ అదే.

ఆదివారం రారా అంటే "శాలువా కప్పిచ్చుకున్నోణ్ణి, ఏ మొఖం పెట్టుకొని రావాలె అక్కా" అంటాడు. సంఘపెద్ద ఒకాయన దేవుణ్ణి మోసం చేశాడు, బాగుపడేదాకా ప్రభువు బల్లలో, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే దాంట్లో, పాలుపొందొద్దు అన్నారు. అమ్మ శుక్రవారాలు ఉపవాసముండి నా పెంపకమే తప్పు అని ఏడుస్తుంది. నాకు ఏడుపు కూడా రావట్లేదు. కోపమొస్తుంది. ఆ అరవై వేల చిట్టీ ఇంకా నెలనెలా కడుతూనే ఉన్నాను.

వాణ్ణి ఎట్లాగైనా చర్చికి లాక్కెళ్ళాలా, వదిలేయాలా? ఇంకోటి, నేను ఎన్నిసార్లు క్షమించాలి? యేసు చెప్పిన 'డెబ్బై ఏళ్ల మారులు', అంటే డెబ్బై ఏడుల సార్లు, అని ఎవరూ చెప్పకండి, ఆ మాట నాకూ తెలుసు.

ఆవగింజ
అరవై రోజులకే సాక్ష్యం చెప్పించడం తొందరపాటు. విరిగిన కాలికి కట్టు విప్పకముందే పరుగుపందెంలో నిలబెట్టినట్టు. మిమ్మల్ని అనట్లేదు అక్కా, మా సంఘంలోనూ ఇదే చేస్తాం.

మిర్చి_యార్డు
జనగామకు వాణ్ణి ఒక్కణ్ణే ఎందుకు పంపారు? మా చుట్టాల దావతుల్లో అయితే మందు దగ్గర కూర్చోనివాడికి మటన్ ముక్కలు కూడా సరిగ్గా వడ్డించరు, ఒట్టి పులుసు పోస్తారు. గ్లాసు పట్టుకోనంటే పెళ్ళికొడుకు తండ్రే అలుగుతాడు.

ఒక్క_రోజు_చాలు
అక్కా, నేను కాజీపేట మనిషిని. తాగడం ఆపి తొమ్మిదేళ్ళు. అంతకుముందు మూడుసార్లు ఆపాను, మూడుసార్లూ చర్చిలో సాక్ష్యం చెప్పాను, మూడుసార్లూ జారాను. కాబట్టి మీ తమ్ముడి మొఖం నాకు బాగా తెలుసు, అది నా మొఖమే.

చప్పట్లు కొట్టినప్పుడు లోపల ఏమవుతుందో చెప్తాను. ఇంక నేను పడిపోతే నా ఒక్కడి పరువు కాదు, దేవుడి పరువు పోతుంది అనిపిస్తుంది. అంత బరువు మోస్తూ ఒక సాయంత్రం గొంతు ఎండితే ఎవరికి చెప్పుకుంటాం? శాలువా కప్పినాయనకు ఫోన్ చేసి "అన్నా, నాకు తాగాలనిపిస్తుంది" అనగలమా? అనలేం. ఎవరికీ చెప్పలేకనే నేను మూడుసార్లూ పోయి తాగాను.

నాలుగోసారి ఒక ఏఏ మీటింగుకు తీసుకెళ్ళారు. ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం. అది ఎట్లా మొదలైందో ఆ రోజు విన్నాను. 1935లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రం ఆక్రన్ ఊళ్ళో, బిల్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ అనే సర్జన్ డాక్టరు కలుసుకున్నారు. ఇద్దరూ తాగుబోతులే. మాట్లాడుకున్నారు, బాబ్ ఆపేశాడు. కొన్ని వారాలకే డాక్టర్ల సభ ఉందని అట్లాంటిక్ సిటీకి పోయి మళ్ళీ తాగాడు. సోయి లేకుండా తిరిగొచ్చాడు. బిల్ ఆయన్ని వదల్లేదు, దగ్గరుండి కోలుకునేలా చూసుకున్నాడు. జూన్ 10న బాబ్ ఆఖరిసారి తాగాడు. ఇప్పటికీ ఆ సంఘం పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ తారీఖునే. బిల్ బాబ్ మొదట కలిసిన రోజును కాదు, జారినవాడు లేచిన రోజును. అది విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. నేను మూడుసార్లు మోసగాణ్ణని అనుకున్నాను, వాళ్ళలో మొదటి ఇద్దరిలోనే ఒకాయన జారాడు.

చర్చికి లాక్కెళ్ళొద్దు. కానీ ఒంటరిగానూ వదలొద్దు. ఈ రెంటి మధ్య దారి ఉంది. అది ఓపికతో నడిచే దారి.

గృహకూడిక_బ్రదర్
అందరూ ఈ సెంటర్లు మీటింగులు అంటున్నారు గానీ మన దేవుడు చేయలేనిది ఏముంది? నేను 2009లో ఒకే రాత్రి విడుదల పొందాను. ఉపవాస ప్రార్థనలో కూర్చున్నాను, తెల్లారేసరికి కోరికే లేదు. మాత్ర మింగలేదు, సెంటరుకు పోలేదు. తాగుడు ఒక ఆత్మ. దాన్ని మందులతో ఎట్లా వెళ్ళగొడతారు? అక్కా, ఇంట్లోనే మూడు రోజులు తలుపు వేసి వాక్యం చదివించండి, ప్రార్థన చేయండి. నేను వచ్చి చేస్తాను కావాలంటే.

రాత్రి_డ్యూటీ_నర్స్
పైన బ్రదర్ చెప్పిన మూడు రోజుల తలుపు సంగతి దయచేసి ఎవరూ చేయొద్దు. ప్రార్థన చేయండి, నేనూ చేస్తాను, ప్రతి షిఫ్టు ముందు చేస్తాను. తలుపు మాత్రం వేయొద్దు.

రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చచ్చిపోయినవాళ్ళు పిలుస్తున్నారంటారు, కన్నతల్లిని గుర్తుపట్టరు. డెలీరియం ట్రెమెన్స్ అంటాం. చూస్తే అచ్చం దయ్యం పట్టినట్టే ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్ళు కట్టేస్తారు, చర్చికో దర్గాకో తీసుకెళ్తారు. మా వార్డుకు వచ్చేసరికి జ్వరం, గుండె దడ, ఒళ్ళంతా తాడు గాట్లు. ప్రాణం పోతుంది దీంతో. మందులతో అయితే కాపాడొచ్చు.

ఇంకో సంగతి, మన ఉత్తర తెలంగాణ వాళ్ళకు ముఖ్యమైంది. కల్లు అంటే చాలామంది అది మందే కాదంటారు. చెట్టు కల్లు వేరు. కొన్నిచోట్ల అమ్మే కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారు. అవి ఆపితే కూడా ఫిట్సే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసేస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు జనం ఎట్లా చేరారో గుర్తుందా? పిచ్చి పట్టిందనుకున్నారు. వాళ్ళలో చాలామందికి కల్లు ఆగిపోయింది, అంతే.

ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళి గ్లూకోజ్ పెట్టించడం కూడా అందరూ చేసేదే. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో చాలామందికి ఒంట్లో బీ1 విటమిన్ తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. ముందు బీ1 ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్.

అక్కా, తమ్ముడు ఇప్పుడు రోజుకు ఎంత తాగుతున్నాడు? ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?

వడ్డేపల్లి_అక్క
ఫిట్స్ ఒకసారి వచ్చాయి, సెంటర్లో చేరకముందు. ఇప్పుడు ఎంత అంటే లెక్క తెలియదు, పొద్దున నుంచే వాసన వస్తుంది.

నర్స్ గారూ, చదివాక చేతులు వణికాయి నాకు. పోయిన శుక్రవారం అమ్మ వాణ్ణి గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. రాత్రి పన్నెండింటికి తలుపు బాదుతుంటే భరించలేక నేనే తీశాను. నేను మెత్తబడ్డానని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రాత్రి_డ్యూటీ_నర్స్
ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఆపించొద్దు. ఆసుపత్రిలోనే, సైకియాట్రీ డాక్టరు చూస్తుండగా. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించండి, డబ్బు గురించి భయపడొద్దు. ఎటూ తోచకపోతే 14446కు ఫోన్ చేయండి, అది మత్తు మానడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు. 14416 టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు చేసే ప్రభుత్వ నంబరు, తెలుగులో మాట్లాడతారు, మీరు మీ కోసం కూడా చేయొచ్చు.

ఇంకోటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మందు మాన్పించే పొడి అని కూరలో కలిపి పెడుతుంటారు, మనిషికి తెలియకుండా. డైసల్ఫిరామ్ అనే మాత్రను కూడా పొడి చేసి కలుపుతారు. అది కడుపులో ఉండగా తాగితే మొఖం ఎర్రబడి, వాంతులై, గుండె పరుగెత్తి బీపీ పడిపోతుంది. మనిషి పోవచ్చు. డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర అది. మీ అమ్మగారిని ఒకసారి అడగండి.

వడ్డేపల్లి_అక్క
అడిగాను. ఎవరో చెప్తే పొడి కొనుక్కొచ్చిందట, బియ్యం డబ్బాలో దాచింది. ఇంకా కలపలేదు. తీసి పారేశాను.

ఆవగింజ
దేవుడికి స్తోత్రం. నర్స్ అక్కా, మీరు ఈ రాత్రి ఒక ప్రాణం కాపాడి ఉండొచ్చు.

నర్సంపేట_రూతు
క్షమాపణ గురించి నేను చెప్తాను. మిగతావాళ్ళు తమ్ముడి గురించే మాట్లాడుతున్నారు, అక్క అడిగిన రెండో ప్రశ్నను ఎవరూ ముట్టలేదు.

నా భర్త తాగి కొట్టేవాడు. పదకొండేళ్ళు. స్త్రీల కూడికలో చెప్పుకుంటే ఓర్చుకో అమ్మా, నీ ఓర్పే అతన్ని మారుస్తుంది అన్నారు. ఓర్చుకున్నాను. ఒకరోజు నా పెద్దబిడ్డ, అప్పుడు దానికి ఏడేళ్ళు, ఆయన బండి చప్పుడు వినపడగానే తనంతట తనే చెల్లెను తీసుకుని మంచం కిందకు పోయి, చెల్లె నోటి మీద చెయ్యి పెట్టి పడుకుంది. ఎవరూ నేర్పలేదు దానికి. అది చూశాక తెల్లారే బట్టలు సర్దుకుని మా అమ్మగారింటికి వచ్చేశాను. ఆరేళ్ళయింది.

నేను ఆయన్ని క్షమించాను. నిజంగానే. ఆయన కోసం ప్రార్థన చేస్తాను, జ్వరమొచ్చిందని తెలిస్తే మా మరిది చేతికి డబ్బులిచ్చి పంపాను. కానీ తిరిగి ఆ ఇంటికి పోలేదు, పోను. క్షమించడం వేరు, తాళంచెవి ఇవ్వడం వేరు. డెబ్బై ఏళ్ల మారులు అన్నది నా మనసులో పగ పెట్టుకోవద్దని. డెబ్బై సార్లు దెబ్బలు తినమని కాదు.

అక్కా, నీ తమ్ముడు కొట్టట్లేదు, అది వేరు సంగతి. నువ్వు మాత్రం ఇప్పుడే ప్రేమ రావాలని నిన్ను నువ్వు బాధపెట్టుకోకు. కోపం ఉంటే ఉండనీ. కోపంతోనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. డబ్బు మాత్రం చేతికివ్వకు.

మిర్చి_యార్డు
రూతక్కా, మంచం కింద ఆ పిల్ల సంగతి చదివి ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు. ఇప్పుడు ఎట్లున్నారు పిల్లలు?

నర్సంపేట_రూతు
పెద్దది ఎనిమిదో తరగతి. చిన్నది సండే స్కూల్లో అందరికన్నా గట్టిగా పాడుతుంది. ఆ నోరు ఇప్పుడు ఎవరూ మూయలేరు.

గృహకూడిక_బ్రదర్
నర్స్ సిస్టర్ చెప్పినవి నాకు తెలియవు. తలుపు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మందులే అన్నీ చేస్తాయంటే ఒప్పుకోను. విశ్వాసం లేకుండా డాక్టర్ల చుట్టూ తిరిగినవాళ్ళు ఎంతమంది పోలేదు?

పరకాల_టీచరు
బ్రదర్, మంచి సమరయుని కథ లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంది కదా. అందులో సమరయుడు గాయపడిన మనిషి పక్కన మోకరించి ప్రార్థన చేసి వెళ్ళిపోలేదు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు. ఆ కాలంలో అదే వైద్యం. తన గాడిద మీద ఎక్కించాడు, అంటే తను నడిచాడు. సత్రంలో పెట్టి రాత్రి చూసుకున్నాడు, రెండు దేనారాలు ఇచ్చాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. ఈ కథ మనకు చెప్పిన లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికలోనే ఉంది. ఒక వైద్యుడు రాసిన సువార్తను చేతిలో పట్టుకుని మందులు వద్దనడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఆ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 'తిరిగొచ్చి' అన్న మాట. మన సంఘాల్లో మొదటి రోజు అందరూ వస్తారు. సమరయుడు మళ్ళీ వస్తానన్నాడు.

సంఘపెద్దల గురించి కూడా ఒక మాట. తాగినవాణ్ణి బల్ల దగ్గరికి రానివ్వం. అతనికి అమ్మిన బెల్టు షాపు మన వీధిలోనే ఉంటుంది, దాని గురించి ఒక్క ప్రసంగమూ ఉండదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం, 1997లో ఎత్తేశారు కూడా. నిషేధం మంచిదా కాదా అనేది వేరే చర్చ. ఆ ఆడవాళ్ళు తమ మగవాళ్ళను వెలివేయలేదు, దుకాణం మీదకు పోయారు. మనం తలకిందులుగా చేస్తున్నాం.

మిర్చి_యార్డు
టీచరమ్మా, నిషేధం ఉన్నప్పుడు మా ఊళ్ళో గుడుంబా ఏరులై పారింది, అదీ చెప్పండి. బెల్లం బుట్టలు, పటిక ఎంత అమ్మారో మా నాన్న కిరాణా కొట్టుకే తెలుసు.

పరకాల_టీచరు
నిజమే. అందుకే వేరే చర్చ అన్నాను.

భద్రకాళి_చెరువు_గట్టు
నేను క్రైస్తవుణ్ణి కాదు, ఇక్కడ చదువుతుంటాను అప్పుడప్పుడు. మా నాన్న తాగుబోతు. మిల్లు పని పోయాక ఇంకా ఎక్కువైంది. అప్పుడు మా ఎదురింట్లో ఒక ఆంటీ ఉండేది, మీవాళ్ళే. మాకు ఎప్పుడూ బైబిల్ చెప్పలేదు. పొద్దున్నే ఏడింటికి ఒక స్టీలు గ్లాసులో గంజి, ఉప్పు వేసి, పైన మూత పెట్టి పట్టుకొచ్చి "అన్నా, తాగినంక గ్లాసు ఇయ్యండి" అనేది. అంతే. గ్లాసు తిరిగి ఇవ్వాలి కాబట్టి నాన్న లేచి మొఖం కడుక్కుని ఆ ఇంటి గడప దాకా పోయేవాడు. రోజూ. ఊళ్ళో ఎవరూ పలకరించని మనిషిని ఆమె రోజుకు ఒక్కసారి అన్నా అని పిలిచేది.

నాన్న పూర్తిగా మానలేదు, చాలా తగ్గించాడు, లివరు పాడై పోయాడు. ఆ ఆంటీ దినానికి వచ్చి వంట దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది. మీ మతం గురించి నాకు తెలిసింది ఆ గ్లాసు ఒక్కటే. అందుకే రాయాలనిపించింది.

ఒక్క_రోజు_చాలు
తమ్ముడూ, నువ్వు రాసింది నేను మా మీటింగులో చదివి వినిపిస్తాను, నీకు అభ్యంతరం లేకపోతే.

భద్రకాళి_చెరువు_గట్టు
చదవండి అన్నా.

ఫాతిమానగర్_బెంచి
బల్ల విషయం ఎవరూ మాట్లాడలేదు. మాది కాథలిక్ సంఘం, మాకు అప్పం ఒక్కటి తీసుకున్నా పూర్తి సత్ప్రసాదమే, రసం తాగాల్సిన పని లేదు. మద్యం సమస్య ఉన్న గురువులకు, అంటే ఫాదర్లకు, కూడా బిషప్ అనుమతితో ద్రాక్షరసం వాడుకునే వీలుంది, అంటే తీయగానే పులియడం ఆపేసింది. మీ సంఘంలో గిన్నెలో ఏముంటుందో కనుక్కోండి అక్కా. కోలుకుంటున్న మనిషికి ఆ ఒక్క గుక్క వాసన కూడా కష్టమే.

పరకాల_టీచరు
మా చర్చిలో ఎండుద్రాక్ష నానబెట్టి మరిగించిన రసమే. దీనికీ ఒక చరిత్ర ఉంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ళ డాక్టరు, మెథడిస్టు విశ్వాసి, ద్రాక్షరసాన్ని పులియకుండా వేడిచేసి సీసాల్లో నింపాడు. ప్రభువు బల్లలో మద్యం ఉండొద్దనే. మొదట్లో చర్చిలు పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత తర్వాత అదే అలవాటైంది.

ఆవగింజ
గిన్నెలో ఏముంది అన్నది సరే. సంఘపెద్ద ఆపింది రసం వల్ల కాదు కదా. పశ్చాత్తాపం లేదని. పశ్చాత్తాపం లేని మనిషి "ఏ మొఖం పెట్టుకొని రావాలె" అంటాడా? నాకైతే ఆ మాటే పశ్చాత్తాపం.

డిచ్‌పల్లి_పాత_బస్సు
ఆవగింజ మాట చదివి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో వంట చేసేది. నిజామాబాద్ పక్కన. ఇసబెల్ కెర్ అని స్కాట్లాండ్ డాక్టరమ్మ 1915లో మొదలుపెట్టింది, ఆమె భర్త పాదిరి. దానికి చేయూత ఇచ్చినవాళ్ళలో నర్సాగౌడ్ అనే ధనికుడు ఉన్నాడు, హిందువు. అప్పట్లో కుష్ఠును పాపానికి శిక్ష అనేవాళ్ళు, ఊరి బయట పెట్టేవాళ్ళు. ఆ డాక్టరమ్మ పాపం సంగతి పక్కన పెట్టి చాల్‌మూగ్రా జాతి చెట్టు గింజల నూనెతో ఇంజెక్షన్లు చేసింది. చాలా నొప్పి ఉండేదట. రోగులు మధ్యలో పారిపోయేవాళ్ళు, మళ్ళీ వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళను ఎందుకు పోయావని అడగొద్దని, ముందు అన్నం పెట్టాలని తనకు నేర్పారని అమ్మమ్మ చెప్పేది. తను వంటలోకి వచ్చింది చాలా ఏళ్ళ తర్వాతే, అయినా ఆ అలవాటు ఉండిపోయిందట.

తాగుడును కూడా మనం అప్పటి కుష్ఠులాగే చూస్తున్నాం. పారిపోయి వచ్చినవాడికి ముందు అన్నం పెట్టాలి.

మిర్చి_యార్డు
ముందు అన్నం. మా చర్చిలో అయితే ముందు కమిటీ మీటింగు.

గృహకూడిక_బ్రదర్
రెండు రోజులుగా ఏమీ రాయలేదు, మీరందరూ రాసినవి చదువుతూనే ఉన్నాను. గ్లాసు గంజి సంగతి చదివాక ఒకటి గుర్తొచ్చింది, చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

2009లో నేను ఒకే రాత్రి విడుదల పొందాను అని పదిహేనేళ్ళుగా చెప్తున్నాను. ఆ రాత్రి నిజం. దేవుడు నన్ను ముట్టాడు, అందులో నాకు అనుమానం లేదు. ఆ రాత్రి తర్వాత సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మా పాస్టరు గారు ఆరు నెలలు రోజూ సాయంత్రం ఐదున్నరకు నా పని దగ్గరికి సైకిల్ మీద వచ్చేవారు. మందు దుకాణం దాటేదాకా నా పక్కన సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవారు. వానాకాలంలో కూడా. ఏమీ మాట్లాడేవారు కాదు ఒక్కోరోజు. అది సాక్ష్యంలో చెప్తే దేవుడి మహిమ తగ్గుతుందనుకున్నానేమో. ఇప్పుడాలోచిస్తే ఆ ఆరు నెలల సైకిలు కూడా దేవుడు పంపిందే కదా. ఆయన పోయి నాలుగేళ్ళయింది. బతికుండగా ఒక్కసారి కూడా థ్యాంక్స్ చెప్పలేదు.

అక్కా, తమ్ముడి షాపు ఎక్కడో చెప్తే నేను సాయంత్రం వస్తాను. ప్రార్థన చేయమంటే చేస్తాను, లేకపోతే ఊరికే నడుస్తాను.

నర్సంపేట_రూతు
బ్రదర్, ఈ సాక్ష్యం చెప్పండి మీ చర్చిలో. ఇది చెప్పండి.

ఒక్క_రోజు_చాలు
నేనూ వస్తాను. కాజీపేట నుంచి వడ్డేపల్లి ఎంత దూరం. అక్కా, మీక్కూడా చెప్పాలి: బిల్ భార్య లోయిస్, తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం 1951లో వేరే సంఘం పెట్టింది, అల్-అనాన్ అంటారు. ఆయన మానేశాక కూడా తన లోపల కోపం పోలేదని, తనకూ కోలుకోవాల్సింది ఉందని ఆమెకు తెలిసింది. మీ కోపం వింత కాదు. ఇక్కడ దగ్గర్లో మీటింగు ఉందో లేదో కనుక్కుంటాను. లేకపోతే మీరూ రూతమ్మా ఫోన్లో మాట్లాడుకున్నా మొదలైనట్టే.

వడ్డేపల్లి_అక్క
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది.

మీరు చెప్పినట్టు ఆసుపత్రిలో చేర్పించాం. తీసుకెళ్ళేది ఎట్లా అనుకున్నాను గానీ, వాడు పెనుగులాడలేదు. గృహకూడిక బ్రదరూ కాజీపేట అన్నా ఇద్దరూ షాపుకు పోయి ఒక గంట కూర్చున్నారట. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు. వాడే ఇంటికొచ్చి "అక్కా, ఆటో పిలువు" అన్నాడు. బీ1 ఇచ్చారా అని నేను అడిగితే డాక్టరు నన్ను అదోలా చూశారు, మీకెట్లా తెలుసమ్మా అని. రెండో రోజు రాత్రి బాగా వణికాడు, ఏదేదో అన్నాడు, ఫిట్స్ మాత్రం రాలేదు. అమ్మ ఆ రాత్రంతా బెడ్డు పక్కన కూర్చుంది. పొద్దున నాతో అంది, "నేను గొళ్ళెం పెట్టిన్నాడు ఇట్లనే అయ్యేదా బిడ్డా" అని. అవునన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

ఆరు రోజులకు ఇంటికి పంపారు. పోయిన ఆదివారం చర్చికి రమ్మని నేను అడగలేదు. నేనూ వెళ్ళి ముందు వరసలో మా ఎప్పటి చోట కూర్చోలేదు, చివరి బెంచీలో, చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఎందుకో తెలియదు, అక్కడ కూర్చోవాలనిపించింది. పాస్టరు గారు ఆరాధన అయ్యాక వచ్చి తమ్ముడెట్లున్నాడమ్మా అని అడిగారు. అడిగిన మొదటి మనిషి ఆయనే. శాలువా ఫొటో గ్రూపులోంచి తీసేయమని చెప్పాను. తీసేయించారు. సంఘపెద్దగారు ఇంకా నాతో మాట్లాడలేదు.

కోపం పోలేదు రూతక్కా. నిన్న పర్సు పదిసార్లు చూసుకున్నాను. వాడు బాత్రూంలో పది నిమిషాలు ఎక్కువున్నా తలుపు దగ్గర నిలబడుతున్నాను. చిట్టీ ఇంకా ఏడు నెలలుంది.

ఇవాళ షాపు తెరిచాడు. టిఫిన్ పట్టుకుపోయాను. వైండింగ్ పిల్లవాడితో చేయిస్తున్నాడు, తను మాత్రం స్లాట్లలో పెట్టే కాగితం కొలిచి కత్తిరిస్తున్నాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, రెండు ముక్కలు వంకర పోయాయి, పక్కన పడేసి మూడోది తీసుకున్నాడు. సాయంత్రం ఐదున్నరకు బ్రదర్ వస్తాడట, సైకిలు లేదని బండి మీద వచ్చి ఆపేసి నడుస్తాడట. టిఫిన్ డబ్బా అక్కడ పెట్టి వస్తుంటే వెనక నుంచి "డబ్బా నేనే కడిగి తెస్తా తీ" అన్నాడు.

భద్రకాళి_చెరువు_గట్టు
డబ్బా తెచ్చాడా అక్కా?

వడ్డేపల్లి_అక్క
తెచ్చాడు. మూత మర్చిపోయాడు, రేపు తెస్తాడట.